పన్నెండో గీత

నేను ఒక నోటుపుస్తకాన్ని. రూళ్లు గీసిన వంద పేజీలు, నీలం అట్ట, నడుముకి రెండు పిన్నులు. గురువిద్యాలయం లైబ్రరీలో అద్దాల బీరువాలో పడుకోబెట్టి నా ముందు ఒక చీటీ పెట్టారు: ‘కన్యాస్త్రీల ప్రార్థన పుస్తకం’. నాలో ఒక్క ప్రార్థనా లేదు. ఆ చీటీ రాసిన మహానుభావుడు నన్ను తెరిచి చూడలేదు.

నన్ను కొన్నవాడు ఫాదర్ కావడానికి ఇక్కడే చదివిన బాలశౌరి. చర్చిలో పూజ ఇంకా లాటిన్‌లో జరిగే రోజులవి. తొలినాళ్లలో విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షి ఒకామె చరిత్రను లాటిన్‌లో చదవమని అతనికి పాఠం. మాట ఎడమవైపు, తెలుగు అర్థం కుడివైపు రాసుకునేవాడు. యూదెక్స్ అంటే న్యాయాధిపతి. కార్కెర్ అంటే చెరసాల. బెస్తియా అంటే మృగం. నలభై మాటలకే చేతులెత్తేసి, ఇంటికెళ్లి పెళ్లి చేసుకున్నాడు. సుఖంగా ఉండనీ. నన్ను మాత్రం చిత్తుకాగితాలతో కలిపి, పొయ్యి రాజేసుకోమని పక్క మఠానికి పంపారు.

ఆ పొయ్యి సిస్టర్ శౌరీలమ్మది. పూజలో ప్రసాదంగా ఇచ్చే పల్చటి అప్పాలు కాల్చడం ఆమె పని. పిండి జారుగా కలిపి, ఇనప అచ్చులో పోసి, మూసి, నిప్పు మీద తిప్పాలి. నన్ను పొయ్యిలో పెట్టబోయి ఎందుకో తెరిచింది. చదివి జేబులో పెట్టుకుంది.

నా మొదటి పేజీలో ఉన్న ఆ వేదసాక్షి పేరు ఆమెకి తెలుసు. మఠంలో భోజనాల వేళ ఎవరూ మాట్లాడరు. ఒకరు నిలబడి పునీతుల చరిత్ర చదువుతుంటే మిగతావాళ్లు వింటూ తింటారు. ఆ వేదసాక్షి పండుగనాడు చదివేది తెలుగులో ఒక్క పేజీ. ‘న్యాయాధిపతి ప్రశ్నించెను. ఆమె మౌనముగా తల వంచెను.’ ఇరవై ఏళ్లుగా అక్కడికొచ్చేసరికి శౌరీలమ్మకి ముద్ద దిగేది కాదు. చావబోయే మనిషి ఒక్క మాటైనా అనకుండా ఉంటుందా అని ఆమెకి కోపం.

లాటిన్ చెప్పే ముసలి ఫాదర్ ఇన్నాసప్ప అప్పాల కోసం వచ్చినప్పుడు ఆ లాటిన్ చరిత్ర పుస్తకం అడిగింది.

“లాటిను నీకెందుకమ్మా? అప్పాలు మాడకుండా చూసుకో చాలు,” అన్నాడాయన. అన్నాడే గానీ, మర్నాడు పుస్తకమూ నిఘంటువూ తెచ్చిచ్చాడు.

అచ్చు ఒకసారి కాలేలోపు ఒక మాట. అదీ ఆమె చదువు. మాట కష్టమైతే అప్పం మాడేది. మాడినవన్నీ తనే తినేది. నా పేజీలకి ఇప్పటికీ పిండి అంటుకునే ఉంది. రెండేళ్లకి మాటలు ఆరువందలు దాటాయి. వాటిలో ఒకటి ‘రెస్పోందిత్’, అంటే జవాబిచ్చింది. చరిత్రలో ఆ వేదసాక్షి జవాబిచ్చినప్పుడల్లా శౌరీలమ్మ ఆ మాట పక్కన ఒక గీత గీసింది. పదకొండు గీతలు పడ్డాయి. తల వంచినట్టు ఎక్కడా లేదు.

పండుగ ముందు రోజు నేను మఠం పెద్ద మదర్ అరుళమ్మ కంటపడ్డాను.

“సాయంత్రానికి దీన్ని పొయ్యిలో వెయ్యి, శౌరీలూ. రేపు చదివే వంతు నీది. ఆ తెలుగు పేజీ చాలు.”

మదర్ మాట కాదంటే మఠం నుంచే పంపేయొచ్చు. శౌరీలమ్మకి వేరే ఇల్లు లేదు.

మర్నాడు భోజనాల వేళ శౌరీలమ్మ నన్ను బల్ల మీద తెరిచి పెట్టుకుని, లాటిన్ పుస్తకం చూస్తూ తెలుగులో చెప్పింది. ‘తండ్రి వద్దంటున్నాడు, ఊరు వద్దంటోంది, కాదనడానికి నువ్వెవరివి?’ అన్నాడు న్యాయాధిపతి. ‘చావు నాది. మాటా నాదే’ అని ఆమె జవాబిచ్చింది. తినే చేతులు ఆగిపోయాయి. ఏడో జవాబు దగ్గర మదర్ గంట కొట్టింది. ఇక ఆపమని దానర్థం. శౌరీలమ్మ ఆపలేదు. ఎనభై ఏళ్ల సిస్టర్ లూర్దమ్మ మౌనం తప్పి, “కానీ తల్లీ, బతికుండగా ఒక్కసారి విననీ,” అంది. పదకొండూ పూర్తయ్యాయి.

“ఎవరినడిగి చదివావు?” అంది మదర్ అందరి ముందూ.

“అడిగితే వద్దంటారని అడగలేదు మదర్. ఆమె మాట్లాడింది. మాట్లాడలేదని ఇన్నేళ్లూ చదివాం. ఆ పేజీ ఇక నా నోట రాదు. పంపేస్తే వెళ్తాను.”

పంపలేదు. అప్పాలు కాల్చడం ఇంకెవరికీ రాదు మరి. చదివే వంతు మాత్రం ఆమెకి మళ్లీ ఇవ్వలేదు. విచిత్రమేమిటంటే, ఆ పండుగ వచ్చేసరికి వంతు ఎవరిదైతే వాళ్లకి ఏటా గొంతు పట్టేసేది. ఆ తెలుగు పేజీ మళ్లీ ఎవరూ చదవలేదు.

ఆఖరికి మఠం పాత పుస్తకాలతో పాటు నేనూ ఈ బీరువాకి చేరాను. మొన్న లాటిన్ వచ్చిన ఫాదర్ ఒకాయన బీరువా తీసి, నన్ను తిరగేసి, గీతలు లెక్కపెట్టాడు. “చరిత్రలో పదకొండేగా. పాపం, సిస్టరమ్మ ఒకటి ఎక్కువేసింది,” అని నవ్వి మూసేశాడు.

లెక్క తప్పలేదు స్వామీ. పన్నెండోది ఆ పండుగ సాయంత్రం, పొయ్యి దగ్గర కూర్చుని గీసుకుంది. అది ఆమె సొంత జవాబుకి.