ఏడో వంతు

కొల్లప్ప బుల్లెట్ మోటార్ సైకిల్ ప్లగ్గు రంధ్రంలోకి గాజు సిరంజితో నూనె ఎక్కిస్తున్నాడు. పిస్టన్ పైకంటా వచ్చి నిలిచింది. దాని నెత్తిన ఎంత చోటు మిగిలిందో ఆ నూనే చెప్పాలి. నూనె రంధ్రం అంచుకు రాగానే ఆపి, సిరంజి మీది గీతలు చూసి పెదవి విరిచాడు.

బెంగళూరు నుంచి తెచ్చిన కొత్త పిస్టన్ అది. నడినెత్తిన బొప్పి కట్టినట్టుంది. ఇలాగే బిగిస్తే పెట్రోలు కలిసిన గాలిని తొమ్మిదో వంతుకు నొక్కేస్తుంది. బుల్లెట్ దూసుకుపోతుంది, నిజమే. కానీ పావగడ చుట్టుపట్ల పల్లెల్లో డ్రమ్ముల్లోంచి పోసే పెట్రోలులో కిరసనాయిలు ఎంతుందో పోసేవాడికే తెలియదు. అంత నొక్కుడుకు అది ప్లగ్గు నిప్పుదాకా ఆగదు. ముందే భగ్గుమని పిస్టన్‌ను సుత్తితో బాదినట్టు బాదుతుంది.

అతను హెడ్డూ సిలిండరూ మళ్లీ ఊడదీశాడు. పిస్టన్ నెత్తిన చోటు పెరిగేలా, సిలిండర్ కింద వేయడానికి పలుచటి అల్యూమినియం పలక కోయసాగాడు.

యాభై దాటిన మనిషి. పొట్టి పీట మీద ఏళ్ల తరబడి వంగి కూర్చుని కుడి భుజం కిందికి జారిపోయింది. ఒక కరువులో గొర్రెలన్నీ చచ్చిపోతే రాయచెర్లు నుంచి ఈ మెకానిక్ షెడ్డుకు వచ్చాడు. సంజీవప్ప తండ్రి అతని చేతికి స్పానరిచ్చాడు. ఇప్పుడు యజమాని సంజీవప్ప. నిరుడు వేరుశనగ ఊడలు దిగకముందే ఎండిపోయినప్పుడు కొల్లప్ప భార్య గంగక్క కూలి లేక దొడ్డబళ్లాపురంలో తమ్ముడి దగ్గరికి వెళ్లింది. రమ్మని కబురు పెట్టినప్పుడల్లా అతను ఒకటే మాట పంపేవాడు: "నాకీడ పని ఉండాది."

మధ్యాహ్నం బండి యజమాని చిన్నరంగప్ప వచ్చాడు. వల్లూరులో వేరుశనగ వ్యాపారం అతనిది. వెంట భార్య సుబ్బక్క. ఐదో నెల. ఆసుపత్రిలో చూపించుకుని, బండి మీద ఊరికి పోదామని వచ్చారు.

"అదేంది, కింద పలక పెడ్తాండావు?" అన్నాడు చిన్నరంగప్ప.

"ఏడో వంతుకు తెచ్చినా. ఈ పెట్రోలుకు అంతకు మించి ఓర్చుకోదు."

"హిందూపురం బండ్ల పందెంలో నన్ను నగుబాటు చేస్తావా? తొమ్మిది కావాలనే గదా పిస్టన్ తెచ్చిచ్చినా! తీసెయ్."

"తీయను."

సంజీవప్ప గబగబా వచ్చాడు. "కొల్లన్నా, బండి ఆయప్పది. అడిగినట్ల చేసిచ్చేదే మన పని."

"బండి ఆయప్పదే. బిగించే చేయి నాది."

అంతవరకూ స్టూలు మీద కూర్చుని ఉన్న సుబ్బక్క అడిగింది. "ఆ పలక తీస్తే ఏమైతాదన్నా?"

"కొన్నాళ్లు జోరుగానే పోతాదమ్మా. ఒకనాడు పోతాపోతా పిస్టన్ పట్టేస్తాది. వెనక చక్రం బిగుసుకుంటాది. మీదుండేటోళ్లు ఎగిరి పడతారు."

ఆమె లేచి నిలబడింది. మొగుడి వైపు చూసింది. "తీయిస్తే నేను బస్సుకు పోతా. కడుపుతో ఉండేదానికని కాదు. ఇంక యాపొద్దూ ఈ బండెక్కను."

చిన్నరంగప్ప ముఖం కందగడ్డయింది. "అట్లే బిగించు, కానియ్," అన్నాడు కొల్లప్పతో. తర్వాత సంజీవప్ప వైపు తిరిగాడు. "మా నాయన ట్రాక్టర్లు గూడా ఈడికే వస్తాండాయి. ఈ మనిషి ఉంటే ఇంక రావు."

సంజీవప్ప రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "కొల్లన్నా, రేపట్నించి నువ్వు రావద్దులే."

"ఈపొద్దుది ముగిచ్చి పోతా," అన్నాడు కొల్లప్ప.

పలక పెట్టి సిలిండర్ దించాడు. హెడ్డు బోల్టులు ఒక్కటొక్కటే, ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాడు. సాయంత్రానికి కిక్కు కొట్టి, ఎవరినీ అడగకుండా బండెక్కి కోట దిక్కు మలిపాడు. మిట్ట మొదట్లో యాక్సిలరేటర్ మొత్తం తిప్పాడు. చెవులు రిక్కించి విన్నాడు. టకటక లేదు, చప్పుడు చీలడం లేదు. బండి మిట్టను లెక్కచేయకుండా లాక్కుపోయింది. వేడిగాలికి చొక్కా వీపు మీద ఉబ్బింది. ముందు బండరాళ్లు తప్ప ఎవరూ లేరు. కొల్లప్ప గట్టిగా నవ్వాడు.

తిరిగొచ్చి బండి స్టాండు వేసి, "భయం లేదు, ఎక్కమ్మా," అన్నాడు సుబ్బక్కతో. చిన్నరంగప్ప ముందు కూర్చుని కిక్కు కొట్టాడు. ఆమె ఎక్కాక, ఎప్పటికంటే నెమ్మదిగా పోనిచ్చాడు.

కొల్లప్ప కిరసనాయిలుతో చేతులు కడుక్కున్నాడు. గదికెళ్లి ఉతికిన చొక్కా వేసుకుని, తాళంచెవి పక్కింటి హనుమంతమ్మకిచ్చాడు. "యాడికి పోతాండావప్పా?" అంటే, "పని ఉండే చోటికి" అన్నాడు. దొడ్డబళ్లాపురం బస్సు సంజీవప్ప షెడ్డు ముందునుంచి పోయినప్పుడు కిటికీ పక్కనే కూర్చుని ఉన్నాడు. తల తిప్పుకోలేదు, దించుకోలేదు.

సంజీవప్ప బస్సును చూడలేదు. లోపల పరధ్యానంగా ఏదో వెతుకుతున్నాడు. టీ కొట్టు నల్లమ్మ కేకేస్తే ఎప్పటిలాగే రెండు తెమ్మన్నాడు. తనది తాగి, గ్లాసు కింద పెట్టాక గానీ కొల్లప్ప లేడన్నది గుర్తుకు రాలేదు. రెండో గ్లాసు బల్ల మీదే ఉండిపోయింది. టీ మీద మీగడ కట్టింది, దాని మీద రోడ్డు దుమ్ము సన్నగా పేరుకుంటూ ఉంది.