రెండు స్లాట్ల డాక్

హార్డ్ డిస్క్ దాచిన ఇనప బీరువాకి రెండు తాళాలు. ఒకదాని చెవి నాన్న దగ్గర, రెండోదాని చెవి చిన్నాన్న దగ్గర. ప్రెస్సు పంచుకుందామని అన్నదమ్ములు తేల్చుకున్న రోజునే ఆ రెండో తాళం వచ్చింది. యంత్రాలు చిన్నాన్నకి, వీధి వైపు గది నాన్నకి. రెండు ముక్కలు చెయ్యడానికి వీల్లేనిది ఆ డిస్క్ ఒక్కటే.

నాన్న అక్షరాలు గీసేవాడు. పుస్తకాల అట్టల మీద పేర్లు, షాపుల బోర్డులు, మందుల డబ్బాల మీద రాతలు. ఇరవై రెండేళ్లలో గీసినవన్నీ స్కాన్ చేసి అందులో పెట్టారు. అసలు కాగితాలు ఎప్పుడో చెదలపాలయ్యాయి. ఆయనది ఎడమచేతి వాటం. రెండేళ్లుగా ఆ చెయ్యి వణుకుతోంది. ఇప్పుడు ఒక సున్నా చుట్టమంటే నాలుగుసార్లు చెరిపి, పెన్సిల్ కింద పడేసి బయటికి వెళ్లిపోతాడు. కొత్తగా గియ్యలేడు గనక గీసినవాటినే వాడుకుని బతకాలి.

నెల క్రితం ప్రెస్సులో కంప్యూటర్ కాలిపోయింది. డిస్క్ మాత్రం బతికి బయటపడింది. దాన్ని కొత్త డిస్క్‌లోకి దింపి, అన్నదమ్ములు చెరొకటి తీసుకోవాలి. అందుకు డాక్ కావాలి. అంటే కంప్యూటర్‌లోంచి ఊడదీసిన డిస్క్‌ని నిలువుగా గుచ్చితే చదివే పెట్టె. ఏది కొనాలో తేల్చే పని నా మీద పడింది, మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే కాబట్టి. చిన్నాన్న నాతో షాపుకి వచ్చాడు. తోడుగా కాదు, కాపలాగా.

షాపతను కౌంటరు మీద రెండు డాక్‌లు పెట్టాడు.

"ఒక స్లాటుదే తీసుకుందాం," అన్నాను. "దీనికో స్విచ్ ఉంది. అది వేస్తే డిస్క్‌ని చదవడమే తప్ప దాని మీద ఏమీ రాయదు. నా లాప్‌టాప్‌కి తగిలించి కాపీ చేస్తాను."

"నీ లాప్‌టాప్‌లోంచా? మధ్యలో అదెందుకు?"

"ఒక స్లాటే కదా చిన్నాన్నా, కంప్యూటర్ లేకపోతే ఎలా?"

"అలా చెప్పు. మంచివి ఏరి మీ నాన్నకి, తాలు నాకు. అందులో ఎన్నున్నాయో నాకేమన్నా లెక్క తెలుసా ఏంటి!"

"నేనలా చేస్తానా?"

"చెయ్యవని ఎవరన్నా రాసిచ్చారా?"

షాపతను ఇద్దరి మొహాలూ చూసి, రెండు స్లాట్లది ముందుకి జరిపాడు. "దీనికి కంప్యూటర్‌తో పనిలేదు సార్. రెండు డిస్క్‌లూ గుచ్చి బటన్ నొక్కితే ఉన్నది ఉన్నట్టు దింపేస్తుంది. కాకపోతే పాతది 'ఏ' స్లాట్‌లో, కొత్తది 'బీ' స్లాట్‌లో ఉండాలి. తారుమారైతే ఖాళీ డిస్క్ వెళ్లి నిండు డిస్క్ మీద పడుతుంది. ఇక అంతే సంగతులు."

"విన్నారుగా," అన్నాను చిన్నాన్నతో.

"విన్నా. ఏది 'ఏ'నో ఏది 'బీ'నో తెలీదా నీకు? ఆ మాత్రానికి డిగ్రీ ఎందుకూ? నీ కాలేజీ ఫారాలు పట్టుకుని మిట్టమధ్యాహ్నం లైన్లో నిలబడింది ఎవరు? ఇప్పుడు నాకే పాఠాలు!"

నిలబడింది ఆయనే. మూడు గంటలు నిలబడ్డాడు. ఆ మాట ఎత్తాడంటే నా నోరు పడిపోతుందని ఆయనకి తెలుసు. ఒక స్లాటుదే మంచిదని నాకు తెలిసి కూడా తల ఊపాను. ఆ తప్పు అక్కడ మొదలైంది, దాన్ని ఇంకెవరి మీదకీ తొయ్యను.

"పోనీ, కొత్త డిస్క్ అన్నా కాస్త పెద్దది తీసుకుందాం."

"పాతదెంతో అంతే. పెద్దది నాకొచ్చిందని మీ నాన్న ఆర్నెల్లు ఏడుస్తాడు."

పెద్దది కొని ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదు. డిస్క్‌లు అటూ ఇటూ పెడితే, పెద్దదాన్ని చిన్నదాంట్లోకి దింపనని ఆ పెట్టే మొరాయించేది.

మర్నాడు పొద్దున్న పదింటికి ఇద్దరూ చెరొక తాళం తీశారు. నాన్న బల్లకి ఒక వైపు, చిన్నాన్న ఇంకో వైపు కూర్చున్నారు. డాక్‌తో ఇచ్చిన కాగితం రెండుసార్లు చదివాను.

"నేను ముట్టుకోను," అన్నాడు చిన్నాన్న. "రేపేదన్నా తేడా వస్తే నా నెత్తిన రుద్దుతారు. నువ్వే పెట్టు, డిగ్రీ అమ్మగారూ."

"పిల్లని ఏమీ అనకు," అన్నాడు నాన్న.

"అంటే ఏం చేస్తావ్? అది సరే, కటింగ్ మెషిన్ బ్లేడ్లు ఏవి? మెషిన్ నాదైతే బ్లేడ్లు నీవా?"

"నా సొరుగు ఎవర్నడిగి తెరిచావురా?"

"ఈ ఇంట్లో సొరుగులకి కూడా యజమానులు వచ్చారన్నమాట!"

"నువ్వే కదా పంపకాలన్నావు!"

నా తలకి అటొకరూ ఇటొకరూ అరుచుకుంటుంటే రెండు డిస్క్‌లూ గుచ్చాను. బటన్ మూడు సెకన్లు నొక్కి పట్టాను. లైట్లు మిణుకుమన్నాయి. కాగితంలో చెప్పినట్టే ఇంకోసారి నొక్కాను. పాత డిస్క్ గరగరమంటూ తిరగడం మొదలుపెట్టింది. దాంతో ఇద్దరూ మళ్లీ కుర్చీల్లో వెనక్కి వాలారు.

పది నిమిషాలు గడిచాయి. చిన్నాన్న గ్యారంటీ ఎన్నాళ్లో చూద్దామని ఖాళీ అట్టపెట్టె చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఏయ్, ఈ బొమ్మలో బాణం ఎడమ నుంచి కుడికి పోతోంది. పాతది ఎటు పెట్టావు?"

పాతది కుడి వైపు ఉంది.

మా ప్రెస్సులో నమూనా ఎప్పుడూ కుడి పక్కనే ఉంటుంది. నాన్న ఎడమచేత్తో గీస్తాడు కాబట్టి ఎడమ వైపు చోటు వదిలి, చూసి గియ్యాల్సినదాన్ని కుడి వైపు పెట్టుకునేవాడు. ఆయన కోసం మొదలైన ఆ పద్ధతే ప్రెస్సంతా పాకింది. ప్రూఫులు దిద్దినా, రంగులు సరిచూసినా పాతది కుడి, కొత్తది ఎడమ. ఏడేళ్ల వయసు నుంచి కాగితాలు ఆ వరసలోనే అందించాను. 'ఏ' అంటే ఎడమ అని రెండుసార్లు చదివాను, చేతులు మాత్రం చిన్నప్పటి అలవాటు ప్రకారమే ఆడాయి.

వైరు పీకేశాను.

"చంపేశావు! కావాలనే చేశావు! నాకు దక్కకూడదనే!" చిన్నాన్న కుర్చీ వెనక్కి పడింది.

"నోర్ముయ్యి! ఆ దిక్కుమాలిన బటన్ది కొనిపించింది నువ్వు," అని నాన్న లేచాడు. "మా అమ్మాయి వద్దంటూనే ఉంది. నువ్వే కదా..."

"పెట్టింది నేనే నాన్నా," అన్నాను. "సరిగ్గా పెట్టి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఆయన చూడకపోతే మొత్తం పోయేది."

నాన్న నా వైపు తిరిగాడు. ఆయన మొహంలో నా మీద అంత కోపం నేనెప్పుడూ చూడలేదు.

"ఒక చెయ్యి దేవుడు తీసుకున్నాడు," అన్నాడు. "ఇంకోటి నువ్వు తీశావు."

పోయిన ఫైళ్లు వెలికితీసే అతని దగ్గర డిస్క్ పదకొండు రోజులుంది. మొదటి తొమ్మిదేళ్లవి పోయాయి. మిగతావి వచ్చాయిగానీ పేర్లు లేకుండా వట్టి నంబర్లతో వచ్చాయి. నాన్న చెయ్యి బాగా నడిచింది ఆ మొదటి తొమ్మిదేళ్లే.

వచ్చినవాటిని కాపీ చెయ్యడానికి ఈసారి ఎవర్నీ అడగకుండా వెళ్లి ఒక స్లాటుది తెచ్చాను. "తారుమారు చెయ్యొద్దని మొన్నే చెప్పాను కదమ్మా," అన్నాడు షాపతను. చెప్పారండీ అన్నాను. చిన్నాన్న రెండు రోజులు నా వెనక స్టూలేసుకుని, ఒక్కో అక్షరం తెర మీదికి వచ్చి పోయేదాకా చూశాడు. మంచినీళ్లిస్తే తాగలేదు. తన డిస్క్ చంకలో పెట్టుకుని పోతూ, "పోయినవి ఎలా తెస్తావో నాకు తెలీదు. తెచ్చినవాటిలో నాకూ కాపీ రావాలి," అన్నాడు.

నాన్న నన్నేమీ అనడం లేదు. పాత గిరాకీ ఎవరన్నా వచ్చి ఫలానా అక్షరాలు కావాలంటే మాత్రం తలెత్తకుండా, "మా అమ్మాయిని అడగండి," అంటాడు.

మొన్న ఒక పుస్తకాలాయన వచ్చాడు. పదిహేడేళ్ల కిందట గీయించుకున్న పేరు మళ్లీ అచ్చు వెయ్యాలిట.

"లేదండీ, పోయింది," అన్నాను.

"అయ్యో, ఎలా పోయింది?"

"నేనే పోగొట్టాను. డిస్క్‌లు అటుదిటు పెట్టాను."

బల్ల దగ్గర నాన్న పేపరు తిప్పడం ఆపి వింటున్నాడు. ప్రతిసారీ అలాగే వింటాడు, నేను మాట మారుస్తానేమోనని.

"పాత పుస్తకం ఒకటి మీ దగ్గరుంటే ఇప్పించండి," అన్నాను. "అట్ట స్కాన్ చేసుకుని ఇచ్చేస్తాను."

పనయ్యాక స్కానర్ పట్టుకుని షాపుషాపుకీ తిరుగుతున్నాను. బోర్డులకి ఫొటోలు తీస్తున్నాను. మందుల షాపాయన పాత డబ్బా ఒకటి అటక మీంచి దింపి, దుమ్ము నా మీదే దులిపి ఇచ్చాడు. కొన్నిచోట్ల బోర్డులు మార్చేశారు. కొందరు గుమ్మంలోంచే పొమ్మన్నారు.

రోజూ సాయంత్రం ఏడింటికి చిన్నాన్న ఫోన్ చేస్తాడు.

"ఇవాళ ఎన్ని?"

"మూడు చిన్నాన్నా."

"మూడేనా? నిన్నటి దాంట్లో 'క్ష' పక్కన మరక ఉంది. మళ్లీ వెళ్లి తీసుకురా."

"ఆ షాపు చాలా దూరం, రేపు..."

"డిస్క్ తుడిచేసేటప్పుడు గుర్తురాలేదా ఈ దూరం?"

ఫోన్ పెట్టేశాడు. చెప్పులు వేసుకున్నాను. నాన్న పేపర్లోంచి తలెత్తకుండానే, "ఆ షాపు ఎనిమిదింటికి మూసేస్తారు," అన్నాడు.