రెండో సెమీకోలన్

నేను ఒక కీబోర్డును. నూటొక్క కీలు, ఎత్తి పడేస్తే నేలకే దెబ్బ తగిలేంత బరువు. ఈ మధ్య వస్తున్న అప్పడాల్లాంటి వాటితో నన్ను జమకట్టకండి. ఏ దేశంలో తయారయ్యానో వెనక చీటీ మీద ఉండేది గానీ, యామర్తి కోదండపాణి దాని మీద కాఫీ ఒలకబోసి చెరిపేశాడు. అంతకుముందు ఓ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఊరందరి వేళ్ళ కిందా నలిగాను. అది మూతపడ్డప్పుడు ఆయన నన్ను చంకన పెట్టుకుని మునిసిపల్ ఆఫీసుకి తెచ్చుకున్నాడు. ఇరవై రెండేళ్ళ కిందటి మాట.

ఆయన నీటి సరఫరా విభాగంలో ప్రోగ్రామరు. ఏ వార్డుకి ఏ వేళకి నీళ్ళు వదలాలో చూసుకుని వాల్వులు తెరిచే ప్రోగ్రాము ఆయనే రాశాడు, సి భాషలో, నా మీదే. పనిలో వంక పెట్టడానికి లేదు. ఆయన ఇష్టాయిష్టాలతోనే నా ప్రాణం విసిగిపోయింది. ఆయన దృష్టిలో సి ఒక్కటే భాష. జావా అంటే గ్లాసు మంచినీళ్ళకి మూడు అర్జీలు పెట్టమనే గుమాస్తా. పైథాన్ పేరెత్తితే మరీ మండిపడేవాడు. "సెమీకోలన్ లేని భాషేందయ్యా? మాట ఎక్కడ అయిపోయిందో చెప్పకుండా లేచిపోయేవాణ్ణి నమ్ముతామా?" అనేవాడు. రాసుకోవడానికి నల్లటి తెర, పచ్చటి అక్షరాలు ఉంటే చాలు. మౌసుని సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఆ ప్రోగ్రాము నడిచే సర్వరుని ఆపడమంటే ఆయనకి పరువు నష్టం. మూడేళ్ళుగా ఒక్కసారి కూడా ఆగలేదని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

సి భాషలో దాదాపు ప్రతి వాక్యం చివరా సెమీకోలన్ ఉండాలి, లేకపోతే రాసిందాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలరు ఒప్పుకోదు. ఈయన దాన్ని మామూలుగా నొక్కడు, తీర్పు చెప్పినట్టు కొడతాడు. రోజుకి వందలసార్లు తింటే ఏ కీ మాత్రం నిలుస్తుంది? నాలుగేళ్ళ కిందట దానికి నత్తి వచ్చింది. ఒకసారి కొడితే రెండు పడేవి. ఇంకొకరైతే నన్ను బాగు చేయించేవారు, లేదా మార్చేవారు. ఈయన ఆ రెండూ చేయలేదు. సి భాషలో చివర ఒక సెమీకోలన్ ఎక్కువైనా చాలాచోట్ల నష్టం లేదు. నష్టం ఉన్నచోట వెనక్కి వచ్చి ఒకటి చెరిపేవాడు. మిగతావి అలాగే వదిలేసేవాడు.

పోయినేడు ఝాన్సీ అనే అమ్మాయి ఉద్యోగంలో చేరింది. చదివింది పైథాన్. మొదటివారమే ఆయన రాసింది చూసి, "సార్, ప్రతి లైను చివరా రెండెందుకు?" అని అడిగింది.

"ఒకటి కంపైలరుకి, ఇంకోటి దేవుడికి" అన్నాడు ఆయన, తొణక్కుండా.

నా కీ పాడైందని ఒప్పుకుంటే ఆయన సొమ్మేం పోయేదో నాకు ఇప్పటికీ తెలియదు. చివరికి ఆఫీసువాళ్ళే పాత సామానంతా తీసేయమంటే నన్ను అట్టపెట్టెలో వేసి బల్ల కింద పెట్టారు. నా చోట్లోకి ఓ అప్పడం వచ్చింది.

రెండువారాలకి, ఎండలు మండుతున్న ఒక ఉదయం, ఎవరో బ్యాటరీ మారుస్తూ సర్వరుకి కరెంటు తీసేశారు. మళ్ళీ పైకి లేచేటప్పుడు అది పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆయన నవ్వుతూనే కొట్టాడు. తప్పంది. మళ్ళీ కొట్టాడు. తప్పంది. ఆ తెర మీద పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్క కూడా కనిపించదు. అలా ఉండటమే మర్యాద అని ఆయన సిద్ధాంతం. ఐదుసార్లు తప్పితే మొత్తం చెరిగిపోవాలన్న నియమం కూడా ఆ మహానుభావుడు పెట్టిందే. నాలుగైపోయాయి. తొమ్మిదో వార్డులో బిందెలు వరస కట్టాయని ఫోన్లు మొదలయ్యాయి. వాల్వుల్ని చేత్తో తిప్పే చక్రాలు తుప్పుపట్టి ఏళ్ళయింది.

ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మా నాన్నకీ ఇట్టానే మొదలైంది, ఝాన్సీ" అన్నాడు మెల్లగా. "ముందు తాళంచెవులు మర్చిపోయాడు. తర్వాత ఇంటి దారి. ఆఖరికి నన్ను."

పెట్టెలో నాకు ఊపిరాడలేదు. నీ మతి బాగానే ఉందయ్యా, మూడేళ్ళ కిందట ఆ పాస్‌వర్డ్ పెట్టిన రోజున, పెట్టడానికీ ఖాయం చేయడానికీ కొట్టిన రెండుసార్లూ నత్తి కొట్టింది నేను అని అరవాలనిపించింది. నూటొక్క కీలుండి ఏం లాభం, వేలు పడందే ఒక్క అక్షరం పలకదు.

"పోనీ, ఎట్టా ముగుస్తదో గుర్తుందా సార్?" అంది ఝాన్సీ.

"సెమీకోలన్‌తోనే. అదెట్టా మర్చిపోతాను?"

ఆ పిల్ల కాసేపు ఆయన్నీ, బల్ల కింద నన్నూ చూసింది.

"సార్, కంపైలరుది కొట్టారు. దేవుడిది కొట్టారా?"

ఆయన వంగి, నన్ను పెట్టెలోంచి తీసి, ఒళ్ళో పెట్టుకుని దుమ్ము తుడిచి, తీగ తగిలించాడు. నిదానంగా ఒక్కొక్క కీ నొక్కుతూ వచ్చి, చివర సెమీకోలన్‌ని మాత్రం ఎప్పటిలాగే కొట్టాడు. నేనూ ఎప్పటిలాగే రెండు పలికాను. తలుపు తెరుచుకుంది. కాసేపటికి తొమ్మిదో వార్డు నుంచి ఫోన్లు ఆగిపోయాయి.

"అయితే నాకేం కాలేదన్నమాట" అన్నాడు. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత ఆ అమ్మాయి ముఖం చూడకుండా, "ఇది పాడై నాలుగేళ్ళయిందమ్మా. నాకు తెలుసు" అన్నాడు. ఆ ముక్క నాలుగేళ్ళ ముందు అనుంటే సరిపోయేది.

ఆ పూటే కొత్త కీబోర్డు మీద పాస్‌వర్డ్ మార్చి, కాగితం మీద రాసి ఝాన్సీకిచ్చాడు. ఇక నాతో అవసరం తీరిపోయింది. పెట్టెలో పెట్టేముందు స్కేలు మొనతో నా సెమీకోలన్ కీ ఒక్కటీ ఊడబెరికి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఇప్పుడు పాత సామాను గోదాములో, చిరిగిన కుర్చీల పక్కన పడి ఉన్నాను. ఇరవై రెండేళ్ళ చాకిరీకి, వెంట తీసుకెళ్ళడానికి ఆ మనిషికి నాలో చెడిపోయిన ఆ ఒక్క కీనే దొరికింది. బాగా పనిచేసిన వందా ఇక్కడ నాతోనే ఉన్నాయి.