గాసి దారిలో మెలికలు

టపా సంచి భుజానికెత్తుకునే ముందు గాసి ఒక చుట్ట కాల్చేవాడు. కొండ మీద డుంబ్రిగుడలో సంచి దించాక ఇంకొకటి. మధ్యలో ఊట దగ్గర ఒకటి, పనస చెట్టు నీడన ఒకటి. వాన వస్తే వచ్చిందని, వెలిస్తే వెలిసిందని.

మైదానం నుంచి టపా తెచ్చే ముసలి సోంబరు కొండ కింద పాక దగ్గర సంచి అందించేవాడు. అక్కణ్ణించి పైకి గాసి వంతు. చేతిలో బల్లెం, బల్లేనికి గంటలు. ఆ మోతకి అడవి జంతువులు పక్కకి తప్పుకునేవి. ఏజెన్సీలో గొడవలు సద్దుమణిగిన మరుసటేడు వాడు ఈ పనిలో చేరాడు. అప్పుడు వాడి దారికి ఆరే మెలికలు. ఇప్పుడు ముప్పయి.

ఆ కొండల్లో దారి అందరికీ ఒక్కలా ఉండదు. చుట్ట అలవాటు ముదిరేకొద్దీ మనిషి దారికి కొత్త మెలికలు పుడతాయి. మానేస్తే, కొండకి సొంతమైన మూడూ మిగిలేదాకా, కాల్చని రోజుకి ఒకటి చొప్పున రాలిపోతాయి. అందులో వింతేమీ లేదు. ఎదురుపడ్డవాళ్ళు కులాసా అడిగినట్టు "నీకెన్ని?" అని అడుగుతారు, "పదకొండు", "పదిహేడు" అని చెప్పుకుంటారు, ఎవరి దారిన వాళ్ళు పోతారు.

గాసికి ముప్పయి మెలికలున్నాయన్న దిగులు లేదు, కనకని చూసేదాకా. చూడ్డమంటే పూర్తిగా చూడ్డం కాదు. సంత రోజున వాడు వగరుస్తూ డుంబ్రిగుడ సంతలోకి అడుగుపెట్టేసరికి ఆ చివర్న ఒక పిల్ల పిప్పళ్ళ బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోతూ ఉండేది. ప్రతి సంతకీ అంతే. వాడు చూసింది వీపు ఒక్కటే. ఆ నడకలో బుట్ట కదలకుండా ఆమె మాత్రమే కదిలేది, నీళ్ళ మీద ఆకు వెళ్ళినట్టు. వాడు సంచి దించడం కూడా మరిచిపోయి నిలబడిపోయేవాడు.

"స్టాంపు బిళ్ళల మీది రాజుగారికి గడ్డం నెరిసిపోతోందిరా నీ టపా వచ్చేసరికి," అనేవాడు వరహాలరావు. మైదానం నుంచి వచ్చి ఉప్పు కొట్టు పెట్టుకున్నాడు, టపా పనీ చూసేవాడు. గాసి చూపు ఎటుందో కనిపెట్టి ఒక సంత రోజున తనే చెప్పాడు. "ఆ గుంట పేరు కనక. అదిగో, ఆ గట్టు మీద గూడెం. తండ్రి భీముడు. వలిసెల కోతయ్యాక పాడేరు వైపు సంబంధం ఖాయం చేస్తాట్ట."

"కోతెప్పుడు బాబూ?"

"ఇంకా నాలుగు సంతల గడువుంది."

గూడేనికి పోయి పలకరిద్దామంటే, ముప్పయి మెలికల మనిషికి వెళ్ళి రావడానికి రెండు రోజులు. టపాకి ఒక్కరోజు కూడా సెలవు లేదు. ఆమె ముఖం చూడాలంటే, నోరు తెరిచి ఒక్క మాట అడగాలంటే, సంత రోజున ఆమె బుట్ట ఎత్తుకోకముందే చేరాలి. నాలుగు సంతల్లో.

మర్నాడు పాక దగ్గర సంచి అందుకుంటూ గాసి అడిగాడు. "మావా, నీకెన్ని?"

"మూడు," అన్నాడు సోంబరు.

"ముందు నుంచీ మూడేనా?"

"నలబై. మీ యత్త నాకోసం సంకటి దాసి దాసి ఇసిగిపోనాది. ఓనాడు కుక్కకెట్టీసినాది. ఆ మర్నాటి నుంచి మానీసినాను."

"ఎలాగ మానీసినావు?"

సోంబరు వాడిని ఎగాదిగా చూశాడు. ఎందుకని అడగలేదు. "ముందు నీ నడుం కాడున్న పొగాకు ఎవులికైనా ఇచ్చీ. దాయకు. నాను అటక మీద దాసినాను. మూడోనాటికి అటకే పీకీసినాను."

గాసి పొగాకు పొట్లం తీసి చేతిలో పెట్టుకుని చూశాడు.

"బతుకంతా కాల్సనని ఒట్టెయ్యకు, బుర్ర తిరిగిపోద్ది. ఈ మెలికకి కాల్సననుకో, సాలు. నోరు లాగుద్ది, లాగనీ. ఆ లాగుడు ఒక మెలిక దాటేదాకే. దాటీసి సూడు, ఉండదు. మల్లీ వస్తాది. మల్లీ ఒక మెలిక."

"నోరూరుకోదు కదా మావా."

"ఎండుసిరికాయ ముక్క బుగ్గనెట్టుకో. ఊట కాడ నీలు తాగు. నువ్వు కూకుని కాల్సే రాయుంది సూడు, దాని మీద కూకోకు, నిలబడే తాగు. మూడు రోజులు పులిలాగుంటావు. ఇంట్లో ముందే సెప్పీ, సంపకండర్రా అని. అందరికీ సెప్పు. నవ్వుతారు. నవ్వినోల్ల ముందర కాల్సాలంటే సిగ్గేస్తాది."

గాసి పొట్లం ముసలాడి చేతిలో పెట్టాడు. సోంబరు దాన్ని అక్కడికక్కడే నెగడులో పడేశాడు. గాసి ప్రాణం ఉసూరుమంది.

మొదటి మూడు రోజులూ సోంబరు చెప్పినదానికంటే ఘోరంగా గడిచాయి. తల పగిలిపోయేది. చేతులకి ఏం చెయ్యాలో తెలిసేది కాదు. బల్లెం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నడిచాడు. గంటలు మోగుతుంటే వాటిని తిట్టాడు. పనస చెట్టు కనబడగానే కాళ్ళు వాటంతటవే ఆగిపోయేవి. "ఈ మెలికకి మాత్రం కాల్సను," అని పైకే చెప్పుకుని, ఉసిరి ముక్క నములుతూ కాళ్ళని లాక్కుపోయేవాడు.

నాలుగోనాడు దగ్గి దగ్గి నల్లటి తెమడ ఊశాడు. తల ఎత్తేసరికి ఏదో వాసన. ఎక్కణ్ణించో తెలియక అటూ ఇటూ చూశాడు. లోయంతా వలిసెలు పూసి ఉన్నాయి, పసుపు ఆరబోసినట్టు. ఇన్నేళ్ళూ ఆ పూల మధ్యనుంచే నడిచాడు, వాటికి వాసన ఉందని వాడికి తెలీదు. ఆ రోజు మెలికలు లెక్కపెట్టాడు. ఇరవై ఏడు.

మొదటి సంతకి మళ్ళీ వీపే. కాకపోతే కొప్పులో ఇత్తడి ముల్లు కనబడేంత దగ్గర. రెండో సంతకి ఆమె బుట్ట సర్దుకుంటూ ఎవరితోనో తల ఊపింది. చెవికున్న పోగు కనబడింది. ఆ పోగుని తలుచుకుంటూ గాసి నాలుగు రోజులు ఒక్కసారి కూడా ఉసిరి ముక్క కోసం తడుముకోలేదు.

తడుముకోలేదు కాబట్టే తెచ్చుకోవడం మానేశాడు. ఒక ముసురు రోజున ఊట దగ్గర ఎడ్ల మీద ఉప్పు తోలుకొచ్చేవాళ్ళు కలిశారు. చలి. నిప్పు చుట్టూ అందరూ. ఎవరో ఒక చుట్ట అందించారు. వద్దనేలోపు అది నోట్లో ఉంది, తేరుకునేలోపు అయిపోయింది.

మర్నాడు పాక దగ్గర సంచి అందుకోకుండా కూలబడ్డాడు. "అంతా పోనాది మావా. ఒకటి కాల్సీసినాను. ఇంక మానడమేటి."

"లెక్కెట్టినావేటి?"

"ఏటి లెక్కెట్టీది? పోనాయి, అన్నీ."

"ఎల్లి లెక్కెట్టు. మల్లొచ్చి ఏడు."

కిందటి రోజు పొద్దున పన్నెండు. ఈ రోజు ఎన్నో అని భయపడుతూ ఎక్కాడు. పన్నెండో మెలిక తిరిగాక పదమూడోది ఎదురైంది. దాని తర్వాత ఇంకోటి ఉంటుందనుకున్నాడు. అక్కడ డుంబ్రిగుడ కప్పులు కనబడ్డాయి. తిరిగొచ్చింది ఒక్క మెలికే. తక్కిన దారి వాడు తగ్గించుకున్నట్టే ఉంది, ఎవరూ ఎత్తుకుపోలేదు. ఆ సాయంత్రమే ఉసిరికాయలు ఎండబెట్టాడు. మూడో సంతకి ఒక చెంప కనబడింది, ముఖం తిప్పేలోపే ఆమె జనంలో కలిసిపోయింది.

నాలుగో సంత రోజున దారికి ఐదు మెలికలు. గాసి పరుగెత్తలేదు, నడిచే వెళ్ళాడు. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. వరహాలరావు జేబు గడియారం తీసి చూసి, ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

పిప్పళ్ళ బుట్ట వెనక కనక కూర్చుని ఉంది. వాడు ఊహించుకున్న ముఖం కాదు, అంతకంటే బాగున్న ముఖం. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. పెదవుల సందులోంచి సన్నగా పొగ. అడ్డపొగ. ఆ వైపు ఆడవాళ్ళలాగే చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని, చేతులతో పిప్పళ్ళు ఏరుకుంటోంది.

గాసి నిలబడ్డాడు. పిప్పళ్ళు ఎలాగిస్తావని అడిగాడు. ఆమె ఏరుకుంటూనే ఉంది. "ఏటి, మాటాడవా?" అన్నాడు చివరికి.

ఆమె ఆగమన్నట్టు వేలెత్తింది. నెమ్మదిగా చుట్ట బయటికి తీసింది. "నోట్లో నిప్పెట్టుకుని ఎలాగ మాటాడతారు? నువ్వు గంటలోడివి కదూ. నాను బయలెల్లినాక నా ఎనక మోగుతావు. ఇన్నాల్లూ ఇనడమే గాని సూడలేదు."

"ఏల అంత బేగి ఎల్లిపోతావు?"

"పొద్దుండగా ఇల్లు సేరొద్దా? నాకు ముప్పయి రెండు."

గాసికి నవ్వొచ్చింది. ఆమెకి ఎందుకో తెలీకపోయినా తనూ నవ్వింది. తిరుగు టపా మర్నాడే. వాడు సంచి దించేసి బుట్టకి ఒక చెయ్యి వేశాడు.

ఇద్దరు కలిసి నడిస్తే పొడుగు దారే ఇద్దరికీ వస్తుంది. ముప్పయి రెండు మెలికలు. గాసికి జీవితంలో మొదటిసారి దారి పొడుగని అనిపించలేదు. వాడు మానేసిన సంగతి విని, ఎనిమిదో మెలిక దగ్గర ఆమె అడిగింది, "నువ్వెలాగ మానీసినావు?" వాడు సోంబరు చెప్పినవన్నీ చెప్పాడు, తను నడిచి తెలుసుకున్నది కూడా. ఒకటి కాల్చేస్తే అంతా పోయినట్టు కాదని, లెక్కపెట్టి చూసుకోవాలని. తొమ్మిదో మెలిక దగ్గర ఆమె చెయ్యి చాపింది. "ఎండుసిరికాయేదీ, ఇలాగియ్యి. ఈ మెలికకి కాల్సను."

గూడెం చేరేసరికి ఎండ వాలింది. భీముడు కళ్ళం చదును చేస్తున్నాడు.

"నీకెన్ని?" అన్నాడు గాసిని చూసి.

"ఐదు మావా."

"ఐదున్నోడివి ముప్పయి రెండు నడిసొచ్చినావా?"

గాసి బుట్ట కిందికి దించాడు. భీముడు కూతురి బుగ్గలోని ఉసిరి ముక్కని చూశాడు. పార పక్కన పెట్టాడు. "ఆ పాడేరోడు దూరమని ఒక్కపాలీ రానేదు," అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు. "కూకో. సంకటి తిని ఎల్దువుగాని."

ఆ పైన ప్రతి సంతకీ గాసి కనకని గూడెం దాకా దిగబెట్టాడు. ఆమె మెలికలు తగ్గుతూ వచ్చాయి. మధ్యలో ఒక వారం రెండు తిరిగొచ్చాయి. కనక ఏడవబోయి లెక్కపెట్టుకుని ఊరుకుంది. గాసి ఓదార్చాడు గాని, ఆ వారం ఇంకాస్త నడవొచ్చని లోపల సంతోషించాడు. ఆమె కూడా సంతోషించిందని తర్వాతెప్పుడో చెప్పింది.

మాఘం వచ్చేసరికి మూడే మెలికలు మిగిలాయి. వాడు ఏదో మొదలుపెడతాడు, సగంలో గూడెం వచ్చేస్తుంది. ఆమె బదులు చెప్పబోతుంది, గుమ్మం ఎదురవుతుంది. రెండు సంతలు అలాగే మాటలు మిగిలిపోయాయి. మూడో సంతకి భీముడు గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూసి, పెళ్ళికి రోజు చూడమని గూడెం పెద్దల్ని పిలిపించాడు. ఆ ఇద్దరూ చెప్పుకోవలసిన దానికి ఇంక దారి చాలదు, ఇల్లు కావాలి.