డూఫీ ఆఖరి లెక్క

ముప్పై తొమ్మిది దగ్గర అంపొన్సా తుమ్మాడు. డూఫీ భూతద్దం పైకెత్తి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

ఘానా దేశంలో, కుమాసి నగరంలోని ఒక ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో పందొమ్మిదేళ్లుగా ఆమె పని ఇదే. బట్టతల మందు పరీక్షకు వచ్చినవాళ్ల నెత్తి మీద సిరాతో నాణెమంత సున్నా చుట్టి, అందులోని వెంట్రుకలు లెక్కపెట్టడం. గాలికి ఒక్కటీ కదలకూడదని ఫ్యాను ఆపేసేది. చూడ్డానికి వచ్చిన డాక్టర్లు చెమటలు పట్టి పారిపోయేవారు. ఆమె మాత్రం మెడ వంచి, పెదవులు కదపకుండా లెక్కపెడుతూ ఉండేది. ఇవాళ నాలుగింటికి ఆమె రిటైర్మెంటు. సోమవారం నుంచి ఈ గదిలోకి యంత్రం వస్తోంది.

"నలభై ఒకటి," అంది. పోయిన నెల నలభై మూడు.

అంపొన్సా మొహం వాడిపోయింది. అక్రా బస్సు నడిపి రిటైరైన మనిషి. భార్య పోయి మూడేళ్లు. ఇంకో రెండు వేసి రాయమని నెలనెలా బతిమాలినట్టే ఇవాళా బతిమాలాడు. ఎప్పటిలాగే ఆమె వినలేదు. పరీక్షకు ఇవాళే ఆఖరు కాబట్టి మందు సీసాలు తిరిగి ఇమ్మంది. ప్రతిసారీ ఇంట్లో మరిచిపోయానని చెప్పిన మనిషి, సంచీలోంచి ఆరు సీసాలూ తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్కదానికీ మూత తీసిన గుర్తు లేదు.

"ఇదేంటి డ్రైవర్ గారూ?"

"దాని వాసన నాకు పడదు మేడమ్."

"మరి ఆర్నెల్లూ ఎందుకొచ్చినట్టు?"

అతను చేతిలో టోపీ నలిపాడు. "మా ఆవిడ పోయాక నా తల మీద చెయ్యేసింది మీరొక్కరే."

తిట్టబోయిన డూఫీ ఆ పని మాని కలం అందుకుంది. కాగితం మీద 'మందు వాడలేదు' అని రాసింది. ఆ ఒక్క ముక్కతో ఆరు నెలల శ్రమా రద్దు. తర్వాత లేచి తలుపు దగ్గరగా వేసి, ఇన్నేళ్లలో ఇక్కడ ఎవరి ముందూ విప్పని తలగుడ్డ విప్పింది. చిన్నప్పటి నుంచీ బిగించి జడలల్లీ అల్లీ జుట్టు ఊడిపోయి, నుదుటి అంచులు అరచెయ్యంత మేర నున్నగా మెరుస్తున్నాయి.

"ఇప్పుడు మీరు లెక్కపెట్టండి."

స్టీరింగు పట్టీ పట్టీ మొద్దుబారిన వేళ్లతో అతను పన్నెండు దాకా వెళ్లి, తడబడి, మళ్లీ మొదటికొచ్చాడు. మూడోసారి తడబడేసరికి ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

నాలుగు దాటాక, వేయించిన చేపా, కెంకే అనే పులిసిన మొక్కజొన్న ముద్దా తినడానికి ఇద్దరూ కలిసి సంత వైపు నడిచారు. తలగుడ్డ ఇంకా ఆమె చేతిలోనే ఉంది. గదిలో కొక్కేనికి ఆమె తెల్లకోటు మిగిలింది. దాని కుడిచెయ్యి భూతద్దం పట్టుకున్నట్టే మోచేతి దగ్గర ఇంకా వంగే ఉంది.