తలుపు మీద చెయ్యి

దశైన్ పండగ తొమ్మిదో నాడు మేకనో దున్ననో బలిచ్చి, ఆ నెత్తుట్లో చెయ్యి ముంచి తలుపు మీద ముద్ర వెయ్యాలి. ముద్ర ఉన్న ఇల్లు రాజుదీ దేవుడిదీ, లేనిది ద్రోహిది. తూర్పు నేపాల్ కొండల్లో లింబూ తెగ నెత్తిన రుద్దిన న్యాయం అది. వెయ్యనన్నందుకే మన్‌ధోజ్ లింబూ తాత తలని ఆ ఇంటి గడప మీదే నరికారు. కొత్త రాజ్యాంగం మాట మొదలైన ఏడు మన్‌ధోజ్ తలుపు కడిగేసి, ఇక నా ఇంట దశైన్ లేదని ఊరంతా వినేలా చెప్పాడు.

అతనితో వాదించగల మొనగాడు ఖేమానంద ఒక్కడే. బ్రాహ్మడు, పురోహితుడు, పైగా మన్‌ధోజ్‌కి మీత్. పసితనంలో అగ్ని ముందు కట్టుకున్న చెలిమి అది, తోడబుట్టినవాడి కంటే ఎక్కువ. మీత్ పేరు నోట పలకకూడదు. ఒకడు పోతే రెండోవాడు గుండు గీయించుకోవాలి. సాయంత్రాలు ఒకడు చాయ్, ఒకడు రాగికల్లు ముందు పెట్టుకుని రాజు గురించి కొట్టుకు చచ్చేవాళ్ళు.

"ఇన్ని జాతులూ పూసలైతే రాజు దారం మీత్. దారం తెగితే ఏం మిగుల్తుంది?"

"దండ మీది మీత్. బిగిసేది మా మెడకి."

ఆ ఏడు నవ్వులాట సాగలేదు. ఖేమానంద తమ్ముడి కొడుకు రమాకాంత్, ధర్మం పేరు చెప్పి దండు కట్టాడు. తొమ్మిదో నాడు ముద్ర లేదని పై ఊళ్ళో ఒక లింబూని కాళ్ళు విరగ్గొట్టి, తగలబడుతున్న ఇంట్లోకి తోశారు. రేపు నీ ఇంటికొస్తారు, ఒక్క ముద్ర వేసుకో, వాదన తర్వాత చూసుకుందామని ఖేమానంద బతిమాలాడు. మా తాత తల అతికించు, వేసుకుంటానన్నాడు మన్‌ధోజ్. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా?

తెల్లవారింది, మంచు దట్టంగా ఉంది. ఖుకురీ కత్తి పట్టుకుని పెరట్లో కాపు కాస్తున్న మన్‌ధోజ్‌కి వాకిట్లో అలికిడి వినిపించింది. ముసుగు కప్పుకున్న మనిషొకడు, ఒక చేత ఆకుదొన్నె, రెండో చెయ్యి ఎర్రగా తలుపు మీద. మన్‌ధోజ్‌కి ఒళ్ళు తెలియలేదు. ముందుకు దూకి కత్తి ఎత్తాడు. మొదటి వేటుకి మణికట్టు తెగింది, రెండోది మెడ మీద పడింది. దొన్నెలో మేక నెత్తురు గడప మీద ఒలికింది. ముసుగు జారింది.

ఖేమానంద.

మన్‌ధోజ్ అతన్ని లోపలికి ఈడ్చుకొచ్చి, నడికట్టు విప్పి గాయాలకి అదిమాడు. గుడ్డ తడిసి ముద్దయింది. పసిపిల్లాడిలా ఏడ్చాడు.

"చెప్తే ఒప్పుకోవుగా," అన్నాడు ఖేమానంద, ఊపిరి అందక. "తలుపు వేసుకో మీత్. ముద్ర పడింది. వాళ్ళు వెళ్ళిపోతారు."

ఆ మాటతోనే ఊపిరి ఆగిపోయింది.

దండు వచ్చింది. తలుపంతా కారుతున్న నెత్తురు చూసి రమాకాంత్ ముఖం విప్పారింది. ఇప్పటికి దారికొచ్చావన్నాడు. మన్‌ధోజ్ బయటికొచ్చి గడప మీద నిలబడ్డాడు. మోచేతుల దాకా ఎరుపే.

"ఏం కోశావు మామా? మేకా, దున్నా?"

"ఖేమానందని."

ఆ పేరు అతని నోట రావడం అదే మొదటిసారి. రమాకాంత్ అతన్ని నెట్టుకుని లోపలికి చూశాడు. దండులో గొడ్డళ్ళు లేచాయి.

మన్‌ధోజ్ ఖుకురీ కింద పడేసి, టోపీ తీసి తల వంచాడు.

"ముందు గుండు గియ్యండి," అన్నాడు. "తర్వాత నరుకుదురు గాని."