హరియట్టమ్మ ప్రాణం నా మీద పడిన ఆదివారం

నేను ఒక పాచికను. పచ్చీసులో దొర్లే పొడుగు పాచికను కాను, వైకుంఠపాళిలో వేసే ఆరు ముఖాలదాన్నీ కాను. నాకు ఇరవై ముఖాలు. పది తలలకే రావణాసురుడు అంత హడావుడి చేశాడు. దానికి రెట్టింపు ఉండి కూడా నేనెంత అణిగిమణిగి ఉన్నానో మీరే చూడండి.

ఏటికొప్పాకలో పుట్టాను, అంకుడు కర్రతో. నన్ను చేసిన సన్యాసాచారి ముప్పై ఏళ్ళుగా కుంకుమ భరిణెలూ బొంగరాలూ తీసినవాడు. అనకాపల్లి నుంచి వచ్చిన తనూజ అట్టతో చేసిన నమూనా ఒకటి చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, “ఇదేటమ్మా, ఏది కిందో ఏది మీదో తెలట్లేదు!” అన్నాడు. ఆయన యంత్రానికి గుండ్రంగా తిప్పడమే తెలుసు. అందుకని ముందు బంతి తీసి, తర్వాత ఆకురాయితో ఒక్కో ముఖమూ అరగదీశాడు. నాలుగు చెడిపోయాయి. అయిదోది నేను. అంకెలు ఉలితో లోతుగా చెక్కి, ఎర్ర లక్క నింపి, మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెట్టాడు. అన్ని ముఖాలూ సమానంగా వచ్చాయని మురిసిపోయాడు. అప్పటికది నిజమే.

తనూజ కాలేజీలో చరిత్ర చెబుతుంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి వాళ్ళింట్లో అన్నాల బల్ల తుడిచి, దాని మీద లండను నగరాన్ని నిలబెడుతుంది. విక్టోరియా రాణి ఏలిన నాటి లండను. బల్ల మీద ఉండేది నాలుగు కాగితాలూ, పెన్సిళ్ళూ, ఒక స్టీలు కంచం, ఆ కంచంలో నేనూ. అంతే. కథ నడిపేది తనూజ. మిగిలిన ముగ్గురూ ఆ కథలో సాహసవంతులైన స్త్రీలు. మందుల షాపులో పనిచేసే రెహానా, మగవేషం వేసుకుని వైద్యం చదివే డాక్టరమ్మ. బస్సు కండక్టరు ఇందుమతి, గొడుగులో కత్తి దాచుకుని తిరిగే అపరాధ పరిశోధకురాలు. వాళ్ళు ఏదైనా ప్రమాదంలోకి దూకినప్పుడు నన్ను కంచంలో వేస్తారు. పెద్ద అంకె పడితే గట్టెక్కుతారు, చిన్నది పడితే మునుగుతారు. ఇరవై పడితే కేకలు పక్కవీధి దాకా వినిపిస్తాయి.

మూడో ఆమె తనూజ అత్తగారు నూకరత్నం. స్టేషను పక్క హోటల్లో నలభై ఏళ్ళు ఇడ్లీ పిండి రుబ్బింది. రోజూ రైళ్ళు చూసింది. ఎక్కింది మాత్రం తుని దాకా. షుగరు వచ్చి చూపు మందగించాక, వంటింట్లో కూర్చుని ఏం చేస్తుందని కోడలు ఆటలోకి లాగింది. ఆటలో ఆమె మిస్ హారియట్ పెంబర్టన్, దేశాలు తిరిగే దొరసాని. నూకరత్నం నోట్లో హరియట్టమ్మ.

ఆ హరియట్టమ్మ చేయని పని లేదు. థేమ్సు నదిలో దొంగల పడవను తగలబెట్టింది. ఆడవాళ్ళు మేడెక్కి తలుపులేసుకోండి అన్న జమీందారును బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇదంతా చెబుతుంటే ముసలామె వెన్ను నిటారుగా అయ్యేది. నేను చెక్కముక్కను. అయినా ఆ బల్ల మీద పొగమంచు కమ్మడం చూశాను, గుర్రపుబండ్ల చప్పుడు విన్నాను. కాగితం మీద గీత కూడా లేని ఊరిని నలుగురు ఆడవాళ్ళు మాటలతో కట్టేస్తుంటే నాకు ఒళ్ళు జలదరించేది.

మనుషుల్లో నాకు అర్థం కానిది ఒక్కటే. గెలిస్తే తమ తెలివి, ఓడితే నా పాపిష్టి బుద్ధి. ఒక నెలంతా ఎవరికీ సరైన అంకె పడలేదు. “దీనికి దిష్టి తగిలింది” అని నూకరత్నం తేల్చేసింది. ఉప్పూ మిరపకాయలూ నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పసుపునీళ్ళలో నానబెట్టి, మర్నాడు ఎండలో ఆరేసింది. అంకుడు కర్రకు దాహమెక్కువ. ఒక పక్క ఉబ్బాను, ఇంకో పక్క సన్నగా చీలాను. అప్పటి నుంచి నేను ఎటు దొర్లినా చిన్న అంకెల వైపే ఒరుగుతాను.

తనూజ సంగతి కనిపెట్టి విశాఖపట్నం నుంచి ప్లాస్టిక్ పాచికలు తెచ్చింది. నూకరత్నం వాటిని ముట్టలేదు. “నీళ్ళలో ఏసింది నేను. దాంతో నేనే ఆడతాను” అంది.

ఆ ఆదివారం ముగ్గురు దొరసానులూ బెలూను కింద వేలాడే బుట్టలో మంచుకొండలు దాటుతున్నారు. పైన గుడ్డ చిరిగింది. బుట్ట కొండ మీదకు దిగిపోతోంది. ఎవరో ఒకరు తాళ్ళు పట్టుకుని పైకెక్కి ఆ చిరుగు మూయాలి. హరియట్టమ్మ ఎక్కుతానంది. “పదిహేను దాటాలి అత్తయ్యా, లేకపోతే ఆవిడ పడిపోతుంది” అంది తనూజ. ఆ మాట అనడం ఆమెకు ఇష్టం లేదు. ఎందుకంటే నూకరత్నం ఎప్పుడో చెప్పేసింది: మనిషికి ఒకటే పుట్టుక, హరియట్టమ్మ పోయిననాడు నేను ఆట మానేస్తాను. వారమంతా ఆమె ఎదురుచూసేది ఆ ఒక్క మధ్యాహ్నం కోసమేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

వేసింది. కంచంలో గిరగిరా తిరిగాను. నా శక్తికొద్దీ పెద్ద అంకె వైపు తిరగాలని చూశాను, ఒట్టు. రెండు పడింది.

రెహానా తనూజ వైపు చూసింది, తనూజ తల దించుకుంది.

“ఇరవై!” అని అరిచింది రెహానా. “మామ్మగారూ, ఇరవై పడింది!” ఇందుమతి చప్పట్లు కొట్టింది. తనూజ కూడా “అవునత్తయ్యా” అంది. అబద్ధమాడేటప్పుడు మనుషులు ఇంత అందంగా ఉంటారని నాకు అంతవరకూ తెలియదు.

నూకరత్నం నవ్వలేదు. చెయ్యి చాచి, నన్ను కదపకుండా, చూపుడువేలితో నా పై ముఖాన్ని తడిమింది. మధ్యాహ్నాలు ఇల్లు సద్దుమణిగాక ఆమె నన్ను ఒళ్ళో పెట్టుకుని ఒక్కో అంకే తడిమి చదువుకునేదని ఆ ముగ్గురికీ తెలియదు.

“రెండు” అంది. “ఇరవైకి పక్కన సున్నా ఉంటాది. దీనికి లేదు.”

తనూజ ఏడ్చేసింది. “నువ్వు మానేస్తానన్నావు కదత్తయ్యా.”

“మానేత్తే మానేత్తాను, అది నా ఇట్టం. నలబై ఏళ్ళు ఆ టేసను కాడ కూకున్నాను. నాకేటీ అవలేదు. మంచీ అవలేదు, సెడ్డా అవలేదు. ఇన్నాళ్ళకి హరియట్టమ్మకి ఒకటి అయింది. దాన్నీ లాగేసుకుంటారేటే?”

నా మీంచి వేలు తీసి కోడలి వైపు తిరిగింది.

“పడనీ. ఎలాగ పడిందో సెప్పు.”

తనూజ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. అప్పుడు నూకరత్నమే చెప్పింది. తాడు మంచు పట్టి, సోడాల కోసం రంపప్పొట్టులో తెచ్చే ఐసు దిమ్మలా జారిందట. చేతులు జివ్వుమన్నాయట. పడుతూ పడుతూ పైకి చూసిందట. “ఒక మనిసి బరువు తగ్గింది గదా, బుట్ట లేచింది. ఈళ్ళిద్దరూ కొండ దాటేసినారు. హరియట్టమ్మ సూసింది. సూసే పడింది.” ఆ తర్వాత హరియట్టమ్మ చుట్టూ ఉన్న తెల్లదనమంతా చెప్పింది, ఎప్పుడూ మంచు చూడని మనిషి. బయట అనకాపల్లి ఎండ మండిపోతోంది. ఇందుమతి పైట భుజాల చుట్టూ కప్పుకుంది. నాకూ చలేసింది. లోకంలో ఇంతకన్నా పెద్దది నేనేదీ చూడలేదు, చూడబోను.

మళ్ళీ ఆదివారం ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. నాలుగో కుర్చీ వైపు ఎవరూ చూడలేదు. గడియారంలో రెండు దాటింది. గోడ పట్టుకుని నడుస్తూ నూకరత్నం వచ్చి కూర్చుంది.

“కాయితం తియ్యి. కొత్త మనిసిని రాయి.”

“ఒకటే పుట్టుకన్నారు కదా మామ్మగారూ?” అంది రెహానా మెల్లగా.

“హరియట్టమ్మ పుట్టుక అయిపోనాది. నాది ఉంది గదా.” నన్ను గుప్పిట్లోకి తీసుకుంది. “పేరు నూకరత్నం. వయసు అరవై తొమ్మిది. ఊరు అనకాపల్లి. ఇప్పుడే లండన్లో ఓడ దిగింది.”

తనూజ పెన్సిలు కాగితం మీద ఆగిపోయింది.

“సెప్పవే” అంది అత్తగారు. “నాకు ఏటేటి కనపడతన్నాయి?”